వినికిడి ముచ్చటలు: మేనకోడలి పాటల పట్టిక

గత మాసమున ఊరగాయ జాడీలకు వాసెన కట్టుటను గూర్చి వ్రాసితిమి. ఈ మాసము మాకు బొత్తిగా అధికారము లేని విషయమును పట్టుకొనుచున్నాము. అది రాక్ సంగీతము. నవ్వకుడు. మా చదువు ఇంటి చదువు. చిన్ననాట తాతగారు భాగవతమును, వసుచరిత్రమును వసారాలో కూర్చుండబెట్టుకొని చెప్పిరి. గిటారునకు తంత్రులెన్నియో మొన్నమొన్నటి వరకు మాకు తెలియదు. అయినను ఒక పొరపాటు చేసితిమి గనుక, దానిని దిద్దుకొనుటకై ఈ పాటలన్నియు వినవలసి వచ్చినది. విన్నంతనే అభిప్రాయములు పుట్టినవి. అవి పుట్టిన పిదప మీతో చెప్పక యూరకుండుట మా స్వభావము కాదు.

మా అన్నగారి కుమార్తె నల్లగొండ జిల్లా నుండి వచ్చి, దిల్‌సుఖ్‌నగరులోని ఒక హాస్టలునందుండి ఉద్యోగపరీక్షలకు చదువుచున్నది. ఆ పేటలో అట్టి బాలికలు వీధి కెందఱో కలరు. గదికి ఆరుగురు, మంచము, ఒక అర మాత్రము స్వంతము. ఆదివారము మెట్రో ఎక్కి ఎల్.బి. నగరులోని మా యింటికి భోజనమునకు వచ్చును. రెండు నెలల క్రిందట ఒకనాడు అన్నము ముట్టక, బాల్కనీలో కూర్చుండి, చెవులకు ఇయర్‌ఫోనులు తగిలించుకొని కన్నీరు కార్చుచుండగా చూచితిమి. ఏమని యడుగగా "ఏం లేదత్తా, పాట వింటున్న" అనెను. ఒక ఇయర్‌ఫోను తీసి మా చెవిని పెట్టుకొంటిమి. ఎవడో ఆంగ్లేయుడు నిద్రలో గొణుగుకొనునట్లు పాడుచుండెను. పిల్ల మనస్సు పాడగుటకు ఇదియే కారణమని నిశ్చయించుకొని, "పరీక్షల ముందర ఈ ఏడుపు పాటలెందుకే!" యని మందలించి, ఇయర్‌ఫోనులు పుచ్చుకొని పోపుల పెట్టె ప్రక్కన దాచితిమి. తరువాతి రెండు ఆదివారములు ఆమె రాలేదు.

మావారు బడిపంతులు. వారు తక్కువ మాటలాడుదురు. ఆ రాత్రి మజ్జిగ పోసికొనుచు, "పుస్తకము తెరువకుండ మార్కులు వేసిన పంతులును నేనింతవరకు చూడలేదు" అనిరి. అంతే.

అంతకు మునుపు, నీవు వినునవేమే యని మేము వేడుకకు అడిగినప్పుడు, ఆమె ఒక కోచింగు కరపత్రము వెనుక పట్టిక వ్రాసి యిచ్చినది. అది ఫ్రిజ్జుపై నుండెను. మధ్యాహ్నములు వంటిల్లు సర్దుకొన్న పిదప, ఆ ఇయర్‌ఫోనులనే మా ఫోనునకు తగిలించుకొని వరుసగా వింటిమి.

మొదటిది మన హైదరాబాదు వారిదే. చౌరస్తా యను బృందము, రామ్ మిరియాల గళము, "ఊరెళ్లిపోతా మామా" యను పాట. ఇది ఆల్బము కాదు, విడి పాట. పిల్ల పట్టికలో ముందు వ్రాసినది గనుక ముందు చెప్పుచున్నాము. పట్నములో చిక్కుకొన్నవాడు పల్లెకు మరలిపోయెదనని పాడును. తాళమేమో జమైకా దీవి రెగ్గే తాళము, మాటలేమో మన చేను గట్టు మాటలు. రెండును పోట్లాడుకొనకపోవుట మాకు వింత గొల్పినది. ప్రతి మాటయు స్పష్టముగా వినబడుట మఱొక సుగుణము. ఎల్.బి. నగరు కూడలిలో నల్లగొండ, సూర్యాపేట వైపు పోవు బస్సుల కొఱకు మూటలతో నిలుచున్నవారిని నిత్యము చూచుచున్నాము. వారిని మేమింతకాలము కేవలము రద్దీగా చూచితిమని ఈ పాట వినిన పిదప తెలిసినది.

జానపదమను మాట వచ్చినది గనుక, పట్టికలో లేని యొక పేరు మేము చేర్చుచున్నాము. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్యగారు పన్నెండు మెట్ల కిన్నెర వాయించి వీరగాథలు పాడుదురు. 2022లో వారికి పద్మశ్రీ బిరుదము వచ్చినది. భీమ్లా నాయక్ చలనచిత్రపు పాట మూలమున వారి గొంతు ఇంటింటికి తెలిసినది. కాని ఆ పాట మొదట వినబడు నాలుగు చరణములు గాథకు గుమ్మము మాత్రమే; పండుగ సాయన్న కథ వంటిది తీరికగా కూర్చుండి వినవలసినది. ఆల్బమను పెట్టెలో అది ఇముడదు.

రెండవది ఢిల్లీ వారైన ఇండియన్ ఓషన్ బృందము 2000లో వెలువరించిన "కందీస". అందు నర్మదానదిని కొలుచు జానపదమొకటి కలదు. కేరళ సిరియను క్రైస్తవుల ప్రాచీన ప్రార్థనయు కలదు. భాష తెలియకయే మాకు గగుర్పాటు కలిగినది. వేదము వినునప్పుడు అర్థము తెలిసియే చేతులు జోడించుచున్నామా? గిటారు మాత్రము కొన్ని తావుల సాగదీసినట్లు తోచినది. పెండ్లివిందులో మూడవసారి వడ్డించిన తీపివలె.

మూడవది బీటిల్స్ వారి "రబ్బర్ సోల్", 1965 నాటిది. అందొక పాటలో జార్జి హారిసన్ మన సితారు మీటెను. అందఱును పొగడుదురు. మాకది ముక్కుపుడకను చెవికి పెట్టుకొన్నట్లుండెను. తరువాత ఆయన పండిత రవిశంకరుల యొద్ద శిష్యరికము చేసెను గనుక క్షమించితిమి.

ఇక నాలుగవది. నిద్రలో గొణిగిన ఆంగ్లేయుడితడే. పేరు నిక్ డ్రేక్. ఆల్బము "పింక్ మూన్", 1972. మొత్తము ఇరువదియెనిమిది నిమిషములు. ఒక గొంతు, ఒక గిటారు, మొదటి పాటలో కొంచెము పియానో. మఱి యేమియు లేదు. మొదటి దినము మాకు నిద్ర వచ్చినది. మూడవ దినము దీపము పెట్టు వేళ విన్నప్పుడు, లేచి దీపము పెట్టుట మఱచితిమి. శోకమున్నది గాని ఆర్భాటము లేదు. ఎదుటివారిని ఏడువుమని అడుగదు. కరుణమే మూలరసమని భవభూతి యన్నాడని తాతగారు చెప్పినప్పుడు తలయూపిన మేము, అదే రసము పిల్ల చెవిలో వినబడగా పోపుల పెట్టె ప్రక్కన దాచితిమి! ఆ యువకుడు బ్రతికియుండగా ఈ పాటలను కొన్నవారు బహు కొలది. 1974లో, ఇరువదియాఱేండ్లకే గతించెను.

అతని గూర్చి చదువుచుండగా మఱొకటి తెలిసినది. అతడు 1948లో పుట్టినది రంగూనులో. మన కోస్తావారు పొట్టకూటికై ఓడలెక్కిపోయి "రంగము" అని పిలుచుకొన్న పట్టణమే. అతని తల్లి మాలీ డ్రేక్ కూడ అచ్చటనే 1915లో పుట్టినది. ఆమెయు పాటలు కట్టి, పియానో వాయించుకొని ఇంటిలో పాడుకొనెడిది. 1950ల నాళ్లలో భర్త వాటిని ఇంటి టేపు యంత్రముపై పట్టి యుంచెను. ఆమె 1993లో పోయినది. ఆ పాటలు ఆల్బముగా లోకమునకు విరివిగా అందినది 2013లో. అవియు వింటిమి. కొడుకు పాటలలోని ఆ మెల్లని దుఃఖము తల్లి గొంతులో ముందే యున్నది. మా అభిప్రాయమడిగినచో, కొడుకుకంటె తల్లి ఒక మెట్టు మేలు. ఆమె తన బాధను రెండు వాక్యములలో చెప్పి, అతిథులకు తేనీరు పోయబోయినట్లు పాట ముగించును.

మా అమ్మమ్మ బతుకమ్మనాడు ఎనిమిది దినములు పాడిన పాట తొమ్మిదవ నాడు పాడెడిది కాదు. వానిలో తాను కట్టినవియు కొన్ని కలవని మా అమ్మ యనును. ఇంటిలో టేపు యంత్రము లేకపోలేదు. దానిలో సినిమా పాటలు వినెడివారము.

మొన్న ఆదివారము మేమే మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగరున దిగి హాస్టలునకు పోతిమి. పిల్ల క్రిందికి వచ్చి, మమ్ము చూచి తలవంచుకొనెను. ఇయర్‌ఫోనులు చేతిలో పెట్టి, "తప్పు మాదే" అంటిమి. దగ్గఱనున్న టిఫిను దుకాణములో కూర్చుండి, చెరియొక చెవిని పెట్టుకొని మాలీ పాట యొకటి వినిపించితిమి. అప్పుడు చెప్పినది. ఈసారి పరీక్ష కొలది మార్కులలో తప్పినదట. ఇక చాలు, ఇంటికి రమ్మని, సంబంధము చూచుచున్నామని తండ్రి ఫోను చేసెనట. "రూంల ఆరుగురం అత్తా. ఊరికె ఏడిస్తే అందరు అడుగుతరు. పాట పెట్టుకుంటె ఎవ్వరు అడగరు" అనెను. అడిగిన దానము మేమొక్కరమే. అడిగి, జవాబు వినలేదు.

ఆ రాత్రియే అన్నగారితో ఫోనులో మాటలాడితిమి. ఇంకొక యేడు గడువిమ్మని, హాస్టలు ఖర్చు భారమైనచో పిల్ల మా యింటనే యుండునని చెప్పితిమి. "వదినతో ఆలోచించి చెప్పెద" ననిరి. ఇంకను చెప్పలేదు. బాల్కనీ ప్రక్క గదిలోని బియ్యపు డబ్బాలను అటక కెక్కించి, మంచము వేసి యుంచితిమి. పిల్ల క్రొత్త పట్టిక పంపినది. అందు మొదటి పేరు పలుకుటయే మాకు ఇంకను రాలేదు.