మౌస్ మొరాయిస్తే...

పిల్లల చదువుకో, ఇంటి లెక్కలకో కంప్యూటరు కొన్నాక దాని మౌస్ బాగోగులూ మనవేగా! కొనేముందు చేత్తో పట్టుకుని చూడండి. అరచెయ్యి దానిమీద హాయిగా ఆనాలి. మరీ చిన్నదైతే వేళ్ళు ముడుచుకుపోయి మణికట్టు లాగేస్తుంది. ఎడమచేతి వాటమైతే రెండువైపులా ఒకేలా ఉన్నది తీసుకుని, సెట్టింగుల్లో మీటలు తారుమారు చేసుకోండి. తీగ ఉన్నదానికి బ్యాటరీ బెడద లేదు. తీగ లేనిదైతే కంప్యూటరుకి గుచ్చే చిన్న రిసీవరు జాగ్రత్త!

తెరమీద బాణం గెంతుతోందా? కదలనంటోందా? వెంటనే కొత్తది కొనెయ్యకండి. గాజుబల్ల మీద పెట్టారేమో చూడండి. మౌస్ అడుగునున్న దీపం వెలుగులో కింది గరుకును చూసి కదలికను కనిపెడుతుంది. నున్నటి గాజు మీద దానికేమీ ఆనదు. కింద ఓ మామూలు కాగితం వెయ్యండి.

అప్పటికీ కుదరకపోతే తీగ ఊడదీసి, తీగ లేనిదైతే స్విచ్ ఆపి, తిరగేసి చూడండి. కన్నంలో చిక్కుకున్న వెంట్రుకల్నీ నూగునీ పొడి ఇయర్‌బడ్‌తో మెల్లగా తీసెయ్యండి. నీళ్ళు మాత్రం తగలనివ్వకండి. ఆ తర్వాత బ్యాటరీ మార్చి, వేరే యు.ఎస్.బి. రంధ్రంలో గుచ్చి చూడండి.

ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టవుతోందంటే మాత్రం చాలావరకు లోపలి స్విచ్ అరిగిపోయినట్టే. డబ్బు తియ్యాల్సింది అప్పుడు!