నాన్నకు చేసే టెస్టు.. మన కోసం కూడా!

ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందంటే ఇంట్లో అందరూ ఆశ వదిలేసుకుంటారు. కానీ అందరి క్యాన్సర్ ఒకటి కాదు. ఇలా ముదిరిన 692 మందిని పరీక్షిస్తే, 11.8 శాతం మందికి డీఎన్‌ఏను రిపేర్ చేసే జన్యువుల్లో పుట్టుకతోనే లోపం ఉందని 2016లో తేలింది. వీటిలో ముఖ్యమైనది బీఆర్‌సీఏ2.

మెయిన్ పాడైన క్యాన్సర్ కణం 'పార్ప్' అనే బ్యాకప్ మీద నడుస్తుంటుంది. ఒలాపరిబ్ మాత్ర ఆ బ్యాకప్‌ను ఆపేస్తుంది. 387 మందితో చేసిన 'ప్రొఫౌండ్' ట్రయల్‌లో బీఆర్‌సీఏ, ఏటీఎం లోపాలున్నవారికి వ్యాధి అదుపులో ఉన్న సగటు కాలం హార్మోన్ మందులతో 3.6 నెలలైతే, దీంతో 7.4 నెలలు. అమెరికా 2020లో అనుమతిచ్చింది. పూర్తిగా నయం కాదు, కానీ ఆ నెలలు చిన్నవేం కావు.

అసలు చిక్కు టెస్టు దగ్గరే. లోపం ఉందో లేదో తెలియకుండా ఈ మందు ఎవరికివ్వాలి? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నుంచి రోగి హైదరాబాద్ దాకా రానక్కర్లేదు, రక్త నమూనా వస్తే చాలు. అయితే రిపోర్టును ఇంటివాళ్లకు విడమరచి చెప్పేవాళ్లు కావాలి. ఎందుకంటే ఆ లోపం పిల్లల్లో ఒక్కొక్కరికీ వచ్చే అవకాశం 50 శాతం. కూతురికైతే రొమ్ము, అండాశయ క్యాన్సర్ ముప్పు.

జెనెటిక్ కౌన్సెలింగ్, బయోఇన్ఫర్మాటిక్స్ చదివేవాళ్లకు పని ఉన్నది ఇక్కడే. మీ ఇంట్లో ఇలాంటి రోగి ఉంటే మాత్రం ఈసారి డాక్టర్‌ను ఒక్క మాట అడగండి: "జన్యు పరీక్ష చేయించాలా సార్?"