మిక్సీ కొంటున్నారా? ముందు జారు కదిపి చూడండి!

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు జొన్నరొట్టె పక్కన పల్లీల చట్నీ లేనిదే పూట గడవదు. నువ్వుల పొడి, ఎండుకారం, దోసెల పిండి... ఒకప్పుడు రోలూ రోకలీ చేసిన పనంతా ఇప్పుడు మిక్సీదే. అమ్మాయి కాపురానికి వెళ్తుంటే సామానులో ముందుగా పెట్టేదీ అదే. మరి కొనేటప్పుడు మనం అడిగేదేమిటి? ఎన్ని వాట్లు, ఎన్ని జార్లు, ఫ్రీగా ఏమిస్తారు! తీరా వేలు పోసి కొన్నది, చిన్న రబ్బరు ముక్క దొరక్క అటకెక్కుతుంది.

ఈ బాధ కొత్తదేం కాదు. 1960లలో బొంబాయిలో మాధురీ మాథుర్ గారింట్లో జర్మనీ వారి బ్రౌన్ మిక్సీ ఉండేది. అది చెడిపోతే మన దేశంలో బాగుచేయించే దారి లేకపోయింది. ఇంజనీరైన భర్త సత్యప్రకాశ్ గారు మన పప్పులకూ మసాలాలకూ తట్టుకునే మోటారుతో వేరే మిక్సీ తయారుచేశారు. అదే సుమీత్!

షాపులో మొహమాటపడకుండా ఈ మూడూ చూడండి.

* జారు తిరగేసి, అడుగునున్న కప్లరును పట్టుకుని అటూ ఇటూ కదపండి. సాఫీగా తిరగాలి, ఊగకూడదు. ఊగిందంటే లోపలి బుష్ వదులన్నమాట. బ్లేడు నిలకడగా తిరగదు, పిండి మెత్తగా రాదు.

* జార్లో నీళ్లు పోసి పాత పేపరు మీద ఐదు నిమిషాలు ఉంచండి. పేపరు తడిస్తే ఆ జారు వద్దు.

* అవే నీళ్లతో మూడు స్పీడుల్లోనూ తిప్పించండి. మిక్సీ అదిరి పక్కకు జరిగితే తీసుకోకండి.

ఇంటికి తెచ్చిన వారంలోపే చిన్న జార్లో రెండు చెంచాల జీలకర్ర పొడి చేసి జల్లించండి. జల్లెడలో సగం మిగిలితే, కొద్ది సరుకును బ్లేడు అందుకోవడం లేదని అర్థం. నానిన మినపప్పు రుబ్బితే వేళ్లకు రవ్వ తగలకూడదు. అన్నట్టు, చేత్తో పట్టుకునే హ్యాండ్ బ్లెండరు మజ్జిగకూ, ఉడికిన పప్పు మెదపడానికీ సరే. ఎండుమిర్చీ పల్లీలూ దానివల్ల కాదు.

ఇక అసలు సంగతి. షోరూముకు వెళ్లేముందు మీ ఊరి బజార్లో మిక్సీలు బాగుచేసే అతన్ని అడగండి. ఏ కంపెనీ కప్లరు, గాస్కెట్టు, బుష్, కార్బన్ బ్రష్‌లు అతని దగ్గర ఎప్పుడూ ఉంటాయో ఆ కంపెనీదే కొనండి. ప్రతి చిన్న ముక్కకూ గద్వాలవాళ్లు కర్నూలుకో, మిగతావాళ్లు పాలమూరుకో బస్సెక్కితే ఒక పూట పోయినట్టే! బ్లేడు బిగుసుకుంటే మోటారుకు బదులు తాను అరిగేది, విరిగేది కప్లరే. అందుకే ఒక కప్లరూ, జారుకొక గాస్కెట్టూ కొన్న రోజే అదనంగా తెచ్చుకోండి.

గ్యారంటీ కార్డు మీద తేదీ, షాపు ముద్ర వేయించి బిల్లుతో కలిపి దాచండి. కంపెనీవాళ్లు తిప్పించుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

చివరగా ఒక చిట్కా. నడుస్తూ నడుస్తూ మిక్సీ ఆగిపోతే కంగారు పడకండి. ప్లగ్గు తీసి, బాగా చల్లారనిచ్చి, సరుకు కొంచెం తగ్గించి, అడుగునున్న ఎర్ర బొత్తాం నొక్కండి. చాలాసార్లు మెకానిక్కుతో పనే ఉండదు!