పగడాల ఊళ్లో ఒక పూట

పాత ఇరవై రూపాయల నోటు ఇంట్లో ఎక్కడైనా ఉంటే తీసి వెనక్కి తిప్పి చూడండి. 2001లో వచ్చిన ఎర్రరంగు నోటు. కొబ్బరిచెట్లు, సముద్రం, అవతల ఓ లైట్‌హౌస్‌ కనిపిస్తాయి. అది అండమాన్‌లోని నార్త్‌ బే. నోటు మీద కనిపించనిది ఆ నీళ్ల అడుగున ఉంది... పగడపు దిబ్బ! ఈత రానివాళ్లు కూడా లైఫ్‌జాకెట్‌ తొడుక్కుని దాన్ని చూసొస్తున్నారు.

అంత దూరం ఎందుకు, మన వైజాగ్‌ లేదా అంటారేమో. రుషికొండ దగ్గర స్కూబా డైవింగ్‌ ఉన్నమాట నిజమే. కానీ పగడపు దిబ్బలు పెరగాలంటే నీరు తేటగా, ఉప్పగా, వెచ్చగా ఉండాలి. గోదావరి, కృష్ణ ఏటా ఒండ్రునూ మంచినీళ్లనూ తెచ్చి మన సముద్రంలో కలుపుతాయి. పొలాలకు అది వరమే గానీ, పగడాలకు కాదు. అందుకే దేశంలో పెద్ద పగడపు దిబ్బలు ప్రధానంగా నాలుగుచోట్లే ఉన్నాయి. కచ్‌ సింధుశాఖ, మన్నార్‌ సింధుశాఖ, లక్షద్వీప్‌, అండమాన్‌ నికోబార్‌. అండమాన్‌లో మనకో సౌకర్యం కూడా ఉంది. తెలుగువాళ్లు అక్కడ తరాల కిందటే స్థిరపడ్డారు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌ వీధుల్లో తెలుగు మాట వినిపించడం వింతేమీ కాదు.

ఎవరికి ఏది?

నారాయణగూడలో ఓ కుటుంబాన్ని ఊహించుకోండి. అమ్మ, నాన్న, పన్నెండేళ్ల అబ్బాయి, తొమ్మిదేళ్ల అమ్మాయి, నాయనమ్మ. అందరూ ఒకే పడవలో వెళ్లొచ్చు గానీ, అందరూ ఒకేలా నీళ్లలో దిగకూడదు. నాయనమ్మకి అడుగున అద్దం బిగించిన పడవ చాలు. చీర కొంగు తడవకుండానే చేపలగుంపులు కనిపిస్తాయి. అమ్మాయికి స్నార్కెలింగ్‌. కళ్లకు మాస్కు, నోట్లో గొట్టం, ఒంటికి లైఫ్‌జాకెట్‌. నీటిమీద బోర్లా తేలుతూ కిందకి చూడటమే. పక్కన గైడ్‌ ఉండాలి.

వీపున సిలిండర్‌ కట్టుకుని లోపలికి దిగేదే స్కూబా. అంతర్జాతీయ శిక్షణ సంస్థల లెక్క ప్రకారం దీనికి పదేళ్లు నిండాలి. మొదటిసారి దిగేవాళ్లు 12 మీటర్లు దాటకూడదు. ‘ఇంకో నాలుగు నెలలేగా’ అని పాప వయసు పెంచి చెబితే ముప్పు పాపకే. దిగేముందు ఆరోగ్యం గురించి ఓ ఫారం ఇస్తారు. నాన్నకి ఉబ్బసం ఉంటే ఉందనే రాయాలి. గుండెజబ్బులు, చెవి ఆపరేషన్లు, గర్భం... ఏదీ దాచకూడదు. డాక్టరు సరే అంటేనే నీళ్లలోకి.

ఊపిరి బిగబట్టొద్దు!

ఇంత జాగ్రత్త ఎందుకంటే, నీళ్లలో ప్రతి పది మీటర్లకీ ఒక వాతావరణమంత పీడనం పెరుగుతుంది. ముందుగా తెలిసేది చెవులకే. నొప్పి మొదలయ్యేదాకా ఆగకుండా ముక్కు మూసుకుని మెల్లగా ఊదుతూ ఉండాలి. ఇక పది మీటర్ల లోతులో పీల్చిన లీటరు గాలి, పైకి వచ్చేసరికి రెండు లీటర్లవుతుంది. ఊపిరి బిగబట్టి పైకి లేస్తే ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు. అందుకే స్కూబాలో మొదటి పాఠం, ఊపిరి ఆపకుండా తీసుకుంటూ ఉండటం.

తిరుగు టికెట్‌ విషయంలోనూ ఓ లెక్కుంది. ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు దిగితే 18 గంటలు విమానం ఎక్కకూడదు. కాబట్టి డైవింగ్‌ని ఆఖరిరోజుకు పెట్టుకోవద్దు.

రాయి కాదు, ప్రాణి

ఉంగరంలో పెట్టుకునే ఎర్రపగడం ఎక్కువగా మధ్యధరా సముద్రానిది. దిబ్బలు కట్టే పగడాలు వేరు. చూడ్డానికి రాళ్లలా, మొక్కల్లా ఉన్నా అవి జంతువులే. వాటి ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది. పగడం దానికి చోటిస్తే, అది ఎండతో వండిన ఆహారాన్ని పగడానికి పెడుతుంది. రంగూ చాలావరకు దాని చలవే. సముద్రం మామూలు వేసవి వేడికన్నా ఒక్క డిగ్రీ ఎక్కువై వారాలపాటు అలాగే ఉంటే చాలు, పగడం ఆ నాచుని వెళ్లగొట్టేస్తుంది. తెల్లగా పాలిపోతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, లేకపోతే పస్తులుండి చచ్చిపోతుంది. 2010లో అండమాన్‌ దిబ్బలకు ఈ దెబ్బ గట్టిగానే తగిలింది. ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి ఇలా జరుగుతోందని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. సముద్రగర్భంలో ఒక్క శాతం కూడా లేని ఈ దిబ్బల్ని నమ్ముకుని సముద్రజీవుల్లో దాదాపు పాతిక శాతం బతుకుతున్నాయి.

సముద్రం వేడిని ఒక కుటుంబం తగ్గించలేదు. తన కాళ్లని మాత్రం అదుపులో పెట్టుకోగలదు. అలసటొస్తే దిబ్బమీద నిలబడకూడదు. ఏళ్లు పట్టి పెరిగిన కొమ్మ ఒక్క అడుగుకే విరిగిపోతుంది. ముక్క తెచ్చి షోకేసులో పెడదామనుకుంటే నేరం. గట్టి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. కొన్ని సన్‌స్క్రీన్లలోని రసాయనాలు పగడాలకు చేటని హవాయి 2021 నుంచి వాటి అమ్మకాన్ని ఆపేసింది. క్రీముకు బదులు పొడుగుచేతుల ఈతదుస్తులు వేసుకుంటే ఎండా తగలదు, పగడానికీ హాని ఉండదు.

వేసవి సెలవుల కంటే సంక్రాంతి సెలవులు మేలు. అప్పటికి వానలు వెనకబడతాయి, నీరు తేటపడుతుంది. వచ్చే సంక్రాంతికి మన నారాయణగూడ అమ్మాయికి పదేళ్లు నిండుతాయి. ఈసారి తనకీ సిలిండర్‌ కడతారు. తను దిగేసరికి ఆ దిబ్బ తన రంగులతోనే ఉండాలి.