మాట్లాడే కత్తి ఎవరిది?

ఫాంటసీ నవలల ప్రస్తావన వస్తే ఎవరు ఎవరిని కాపీ కొట్టారన్న పంచాయితీ తప్పదు. తీర్పేమో తేదీలు చూడకుండానే వెలువడుతుంది.

ఫిన్లాండ్ జానపద గేయాలను కూర్చి ఎలియాస్ లొన్‌రోట్ 1835లో అచ్చువేసి, 1849లో పెంచిన ‘కలేవాలా’లో కుల్లెర్వో అనే దౌర్భాగ్యుడున్నాడు. చావబోతూ నా రక్తం తాగుతావా అని తన కత్తినే అడుగుతాడు. అమాయకుల రక్తమే తాగినదాన్ని, పాపి రక్తం వద్దంటానా అంటుందది. కుర్రతనంలోనే ఈ కథ టోల్కీన్‌ను పట్టుకుంది. 1914లో విలియం మోరిస్ పద్ధతిలో, వచనం మధ్య పద్యాలు పొదుగుతూ తిరగరాయబోయి మధ్యలో వదిలేశాడు. తర్వాత అదే ఆయన సృష్టించిన తూరిన్ అనే వీరుడి కథకు విత్తనమైంది. ఈ అప్పును ఆయన దాచలేదు. 1951 నాటి ఉత్తరంలో సిగుర్డ్, ఈడిపస్, కుల్లెర్వోల పేర్లు తానే చెప్పాడు. చావబోతూ అడిగితే తూరిన్ కత్తి కూడా జవాబిస్తుంది. అయితే అతను పొరపాటున ప్రాణమిత్రుడు బెలెగ్‌ను చంపింది ఆ కత్తితోనే. ఆ రక్తాన్ని మరిచిపోవాలని దాని కోరిక. కలేవాలా కత్తికి ఈ దుఃఖం లేదు. టోల్కీన్ సొంత సొత్తు ఏదంటే నేను దీన్నే చూపిస్తాను.

అమెరికాలో పోల్ ఆండర్సన్ రాసిన ‘ద బ్రోకెన్ స్వోర్డ్’ 1954లో, టోల్కీన్ ‘ద ఫెలోషిప్ ఆఫ్ ద రింగ్’ వచ్చిన ఏడాదే వచ్చింది. అందులోనూ ఎల్ఫ్‌లు, ట్రోల్‌లు, ఒర దాటితే ఒక ప్రాణమైనా తీయక మానని శాపపు కత్తి. ఒకటి చూసి రెండోది రాసే వ్యవధే లేదు. ఇద్దరూ తోడుకున్నది నార్స్ గాథల బావిలోంచి. ఆండర్సన్ ప్రభావాన్ని బాహాటంగా ఒప్పుకున్న మైకేల్ మూర్‌కాక్ 1961లో ఎల్రిక్‌ను తెచ్చాడు. బలహీనుడైన రాజు, ఆత్మలు తాగి అతనికి సత్తువనిచ్చే కత్తి: మత్తుకు బానిసైనవాడి కథ. చివరికి అదే అతన్ని చంపి, మాట కూడా విసురుతుంది. ఇదీ తూరిన్ కథకు కాపీ కాదు: తూరిన్ మరణం టోల్కీన్ పోయాక, 1977లో ‘ద సిల్మరిలియన్’తో గానీ పాఠకులకు అందలేదు. మూర్‌కాక్ టోల్కీన్‌ను ఉతికి ఆరేసినవాడు కూడాను!

అదే 1977లో టెర్రీ బ్రూక్స్ ‘ద స్వోర్డ్ ఆఫ్ శన్నారా’ విపరీతంగా అమ్ముడుపోయింది. మారుమూల కుర్రాళ్లు, దారి చూపే మాంత్రికుడు, చీకటి ప్రభువు, చాలావరకు కథ వరస కూడా టోల్కీన్‌దే. టోల్కీన్ ఏం చదివాడో అక్కడిదాకా వెళ్లకుండా టోల్కీన్ దగ్గరే ఆగిపోవడం ఆ పుస్తకంతో నా పేచీ. కత్తి విషయంలో మాత్రం బ్రూక్స్‌కు మార్కులు వేయాల్సిందే. అది నరకదు, పట్టినవాడికీ, తగిలినవాడికీ ఎవరి నిజం వాళ్లకు చూపిస్తుంది. తను ఎప్పుడో చచ్చిపోయానన్న నిజం తట్టుకోలేక చీకటి ప్రభువు నశిస్తాడు.