ప్లాట్లు కొని అమ్మేటోళ్లకు రెరా లైసెన్స్ కావాల్నా?



ఈ నడుమ మన పిల్లలు పొలం కాడ కంటే వెంచర్ల కాడనే ఎక్కువ కనబడుతుండ్రు. నేను తప్పు పడుతలేను, రెండెకరాల వరిల ఏం మిగులుతదో మనకు తెల్వదా. వాళ్లల్ల చాలామంది అడిగే మాట ఒకటే: "ప్లాట్ల మీద పైసలు పెడుదామనుకుంటున్న, రెరా ఏజెంట్ లైసెన్స్ తీస్కుంటే లాభమా?" యూట్యూబ్‌ల చూసి అడుగుతుండ్రు. అందుల చాలా మటుకు అమెరికా ముచ్చట్లు. అక్కడ టెక్సాస్‌ల అయితే లైసెన్స్ కోసం 180 గంటల కోర్సు చదివి పరీక్ష రాయాలె. మన దగ్గర ఫీజు కట్టి కాగితాలు పెడితే నంబర్ వస్తది. రెండూ ఒకటి కాదు.

ముందు చట్టం ఏమంటదో చూడుండ్రి. రెరా చట్టం 2016ల వచ్చింది, 2017 మే 1 నుంచి పూర్తిగా అమలైంది. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్ రిజిస్టర్ కావాలె. 500 మీటర్లంటే ఎంతనుకున్నరు? అయిదు గుంటలకు కొద్దిగ తక్కువ, అంతే. అసుంటి వెంచర్ల ప్లాట్లు మధ్యల ఉండి అమ్మిపిచ్చేటోనికి ఏజెంట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేకుండ చేస్తే రోజుకు పదివేల జరిమానా, అది ప్లాటు ధరల 5 శాతం దాక పోవచ్చు.

సొంత పైసలతోని, సొంత పేరు మీద ప్లాటు కొని పెట్టుకునేటోనికి మాత్రం ఏ లైసెన్సూ అక్కర లేదు. అట్లనే మీ ఎకరం మీరే ప్లాట్లు చేసి అమ్మితే ఏజెంట్ కార్డు పనికిరాదు. అప్పుడు మీరే ప్రమోటర్, వెంచర్‌నే రిజిస్టర్ చేపియ్యాలె. ఇది చానామందికి తెల్వదు.

అందుకే నా మాట ఇది. కమీషన్ మీద బతుకుదామనుకునే తమ్ముడు లైసెన్స్ తీస్కోవాలె, దొంగచాటు ఎందుకు? పైసలు పెట్టి కొనేటోడు ఆ ఫీజు పైసలు పట్టుకొని మంచి వకీలు దగ్గరికి పోవాలె. ఈసీ తీపిచ్చి, లింకు దస్తావేజులు చదివిపిచ్చి, 22ఏ నిషేధిత జాబితాల సర్వే నంబర్ ఉందా, అసైన్డ్ భూమా, చెరువు శిఖమా అని చూడాలె. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మరాదు, కొనరాదు. రెరా నంబర్ ఇవేవీ నేర్పదు.

ఇంకో సంగతి ఉన్నది, నాకు అసలు భయం దాని మీదనే. లైసెన్స్ తీస్కొని తనే కొనుడు కూడ మొదలుపెడితే, ఆయన ఎవరి దిక్కు? మీరు ఎకరం అమ్ముదామని పోతరు. "అన్నా, నేను మంచి పార్టీని తెస్త" అంటడు. మీకు రేటు తక్కువ చెప్పి, కొంచెం బయానా ఇచ్చి, మూడు నెలల అగ్రిమెంట్ తనే రాపిచ్చుకుంటడు. ఆ మూడు నెలలల్ల ఎక్కువ రేటుకు ఇంకొకరిని పట్టుకొచ్చి, రిజిస్ట్రేషన్ మీతోనే వాళ్ల పేరు మీద చేపిస్తడు. నడుమ మిగిలినదంత ఆయన జేబులకు. మా దిక్కు ఒక ముసలాయన ఇట్లనే ఎకరంన్నర ఇచ్చిండు. ఎంతకు పోయిందో రిజిస్ట్రేషన్ ఆఫీసుల కొన్నాయన నోటి నుంచి వింటేనే ఆయనకు తెలిసింది. బిడ్డ పెండ్లికని అమ్మిండు పాపం.

టెక్సాస్‌ల లైసెన్స్ ఉన్నోడు తన కోసం కొంటుంటే, నాకు లైసెన్స్ ఉన్నది అని అమ్మేటోనికి రాతపూర్వకంగా చెప్పాలె. ఆ పద్ధతి మనకు కూడ రావాలె అంటున్న. మన పిల్లలే ముందు మొదలుపెట్టొచ్చు గదా.

అన్నట్టు, వ్యవసాయ భూమిని భూమిగానే అమ్ముకుంటే అది రెరా కిందికి రాదు. ఎవరన్న కార్డు చూపిచ్చి "నాకు గవర్నమెంట్ లైసెన్స్ ఉన్నది, భయం లేదు" అంటే, ఆ కార్డు మీ పొలానికి కాపలా కాదు. బయానా ముట్టుకోకముందే ఒక్కటడుగుండ్రి: "తమ్మీ, నువ్వు కొంటున్నవా, కొనిపిస్తున్నవా?" కొంటున్న అంటే రిజిస్ట్రేషన్ ఆయన పేరు మీదనే కావాలె, ఇంకొకరి పేరు మీద చేయనని అగ్రిమెంట్లనే రాపియ్యుండ్రి. కొనిపిస్తున్న అంటే కొనేటాయనను ఎదురుంగ కూసోబెట్టి రేటు మాట్లాడుండ్రి, ఈయన కమీషన్ ఈయనకు ఇయ్యుండ్రి.