రెండవ వాక్యానికి కావలి

2016 జనవరి 31న మా తుని వద్ద రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ తగలబడింది. కాపు రిజర్వేషన్ల కోసం జరిగిన ఆందోళనలో ఆ ఘటన సంభవించింది. ప్రయాణికులు ప్రాణాలతో బయటపడ్డారు గాని బోగీలు బూడిదయ్యాయి. అంతవరకు తమలపాకులకు, మామిడికి, తలుపులమ్మ లోవకు పేరుపడిన ఊరికి మరునాటినుంచి వేరొక గుర్తింపు అంటుకున్నది. ఏ ఊరు మనది అని ఎవరైనా అడిగి, తుని అని మేము చెప్పగానే, రైలు కాలిన తునియేనా అని తిరిగి అడగడం కొన్నేళ్ళపాటు మాకు అలవాటైపోయింది. 2023 మే 1న విజయవాడ రైల్వే న్యాయస్థానం ఆ కేసును కొట్టివేసి, నిందితులైన 41 మందిని నిర్దోషులుగా విడుదల చేసింది. ఈ రెండవ సంగతిని గురించి మమ్మల్ని అడిగినవారు బహు తక్కువ.

ఒక ఊరిని గురించి గాని, ఒక మనిషిని గురించి గాని, ఒక సముదాయాన్ని గురించి గాని లోకంలో రెండు వాక్యాలు తిరుగుతుంటాయి. పట్టుబడ్డారన్నది మొదటిది. విడుదలయ్యారన్నది రెండవది. మొదటి వాక్యానికి కాళ్ళు ఎక్కువ. రెండవ దానిని ఎవరో ఒకరు చేయిపట్టి నడిపించవలసి ఉంటుంది. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలిన తరువాత పట్టుబడి, చిత్రహింసలకు గురై, చివరకు నిర్దోషులుగా బయటికి వచ్చిన ముస్లిం యువకుల ఇళ్ళలో ఈ సత్యం వేరుగా చెప్పనక్కరలేదు. 2020 వేసవిలో కరోనా వ్యాప్తిని తబ్లీగీ జమాత్‌కు అంటగట్టిన నాళ్ళను మరచినవారు మనలో ఎవరున్నారు? ఆ ఏడాది ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం విదేశీ తబ్లీగీలపై ఎఫ్‌ఐఆర్‌లను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. ఆ తీర్పును గుర్తుంచుకున్నవారు మాత్రం కొందరే.

ఈ రెండవ వాక్యం నేడు ఎక్కువమందికి కనబడే చోటు వికీపీడియా. పిల్లవాడు బడి ప్రాజెక్టు కోసం ఫోనులో ఒక పేరు వెదికితే ముందుగా కనబడే నాలుగు పంక్తులు తరచుగా అక్కడివే. ఇప్పుడు అడిగినదానికల్లా జవాబు చెబుతున్న కృత్రిమ మేధ యంత్రాలు సైతం ఆ పుటలను చదివి నేర్చుకున్నవే. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో నేడు లక్షకు మించి వ్యాసాలున్నాయి. జీతం లేకుండా, పేరు కోరకుండా కొందరు తెలుగువారు ఇరవై ఏళ్ళకు పైగా చేసిన శ్రమ అది. కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలపెట్టిన నాటి ఆశ ఈ రూపంలో కొనసాగుతున్నదని చెప్పవచ్చు.

అయితే ఆ పుటను ఎవరైనా మార్చవచ్చు. దాని బలమూ అదే, దాని బలహీనతా అదే.

2022 సెప్టెంబరు 4న దుబాయిలో ఆసియా కప్పు క్రికెట్ పోటీలో పాకిస్తాన్‌పై ఆడుతూ అర్ష్‌దీప్ సింగ్ ఒక క్యాచ్ జారవిడిచాడు. కొద్దిసేపట్లోనే ఆయన వికీపీడియా పుటలో దేశం పేరు స్థానంలో ఖలిస్తాన్ అని ఎవరో చేర్చారు. స్వచ్ఛంద సేవకులు నిమిషాలలో దానిని తుడిచివేసి, పుటకు సంరక్షణ కల్పించారు. కాని ఆలోపుననే దాని ఫొటోలు దేశమంతా తిరిగాయి. మరునాడు కేంద్ర ఐటీ మంత్రిత్వశాఖ వికీపీడియావారిని వివరణ కోరింది. అంతకు ముందటి ఏడాది అదే దుబాయిలో పాకిస్తాన్ చేతిలో ఓటమి తరువాత ముహమ్మద్ షమీని సామాజిక మాధ్యమాలలో ఎంతగా దూషించారో చూసిన మాకు ఇందులో ఆశ్చర్యమేమీ కలుగలేదు. ఆటలో చేయి జారితే దేశభక్తిని నిరూపించుకోవలసిన భారం అల్పసంఖ్యాకుడి నెత్తిపైనే పడుతుంది. మేము గ్రహించవలసినది వేరొకటి ఉన్నది. పుటపై ఆ దూషణ బతికినది నిమిషాలే. వాట్సాప్‌లో దాని ఫొటో నేటికీ బతికే ఉన్నది. కనుక అటువంటి ఫొటో మన కుటుంబ గ్రూపులోకి వచ్చినప్పుడు, మండిపడి పదిమందికి పంపేవాడు తెలియకుండానే ఆ దుండగుడికి కూలి లేని పనివాడవుతున్నాడు.

పంపేముందు చేయవలసిన పని ఒకటున్నది. ప్రతి వికీ పుటకు పైన చరిత్ర అనే మీట ఉంటుంది. నొక్కితే, ఆ పుట పుట్టిన నాటినుంచి ఎవరు ఏ రోజున ఏ గంటకు ఏ అక్షరం చేర్చారో, ఏది తీసివేశారో వరుసగా కనబడుతుంది. హదీసు విద్య ఎరిగినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. ఫలానావారు ఫలానావారినుంచి విన్నారనే ఇస్నాద్ లేనిదే ఏ ఉల్లేఖనాన్నీ మన ముహద్దిసులు స్వీకరించలేదు. ఆ గొలుసులో ఒక్కొక్క మనిషి నిజాయితీని, జ్ఞాపకశక్తిని విడివిడిగా పరీక్షించారు. అంతటి వారసత్వం గల సముదాయం ఫొటోను చూసి నమ్మడం, చరిత్ర మీటను నొక్కకపోవడం మాకు బాధ కలిగిస్తున్నది.

బూతు రాసినవాడు సులభంగా దొరికిపోతాడు. ఆంగ్ల వికీపీడియాలో క్లూబాట్ ఎన్‌జీ వంటి యంత్రాలు అటువంటి వాటిని క్షణాలలో పసిగట్టి తిప్పివేస్తున్నాయి. భయపడవలసినది మెల్లగా చేసే చెరుపునకు. మనకు ఇరుగుపొరుగైన పిఠాపురం మహాకవి ఉమర్ అలీషాను తీసుకుందాం. 1885లో జన్మించి, 1945లో మరణించిన ఆయన పారశీకంనుంచి ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగు పద్యాలలోకి తెచ్చారు. కేంద్ర శాసనసభలో సభ్యులుగా ఉన్నారు. ఆయన పుటలో ఎవరైనా 1885ను 1895గా మార్చితే ఏ యంత్రమూ గుర్తించలేదు. పారశీకంనుంచి అన్న ఒక్క మాటను తీసివేసి ఆంగ్లంనుంచి అని రాస్తే వాక్యం చక్కగానే ఉంటుంది. ఒక ముస్లిం పండితుని జీవితకాల సాధన మాత్రం మాయమవుతుంది. అలాగే, నిర్దోషిగా విడుదలయ్యారు అన్న రెండవ వాక్యాన్ని, వ్యాసం పెద్దదైనదన్న నెపంతో, తొలగించినా గమనించేవారుండరు. అమెరికా పత్రికా రచయిత జాన్ సైగెంథాలర్ పుటలో, కెనడీ హత్యతో ఆయనకు సంబంధమున్నట్లు రాసిన అబద్ధం 2005లో దాదాపు నాలుగు నెలలు అలాగే పడి ఉన్నది. ఆ పుటపై కన్నేసినవారు లేకపోవడమే కారణం. ఆ తరువాతనే, ఖాతా లేనివారు ఆంగ్లంలో కొత్త పుటలు సృష్టించకుండా కట్టడి చేశారు.

పుటలకు తాళాలు లేకపోలేదు. ఆంగ్ల వికీపీడియాలో పాక్షిక సంరక్షణ వేసిన పుటను దిద్దాలంటే, ఖాతా తెరిచి నాలుగు రోజులు గడవాలి, పది దిద్దుబాట్లు చేసి ఉండాలి. ఇంకా వివాదం ముదిరిన పుటలకు ముప్పై రోజులు, 500 దిద్దుబాట్లు ఉండాలి. అంతకు మించితే నిర్వాహకులు తప్ప వేరెవరూ చేయి పెట్టలేరు. కాని తాళం వేసేవాడిపైనా ఒక కన్ను ఉండవలసిందే. క్రొయేషియా భాషా వికీపీడియాను తీవ్ర జాతీయవాదుల గుంపు ఒకటి ఏళ్ళ తరబడి తన గుప్పిట పెట్టుకుని, ఫాసిస్టుల నేరాలను చిన్నవి చేసి రాసింది. ఆ గుంపులో నిర్వాహకులే ఉన్నారు. కాదన్నవారిని వారు నిరోధించారు. కంచే చేను మేసింది. వికీమీడియా ఫౌండేషన్ జరిపించిన పరిశీలన 2021లో గాని వెలువడలేదు. చిన్న భాషల వికీపీడియాలకు ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే పనిచేసేవారు కొందరే ఉంటారు. తెలుగులో అటువంటిది జరిగిందని మేము అనడం లేదు. అక్కడి రచ్చబండలో చర్చలు బహిరంగంగానే సాగుతున్నాయి. ఆ రచ్చబండపై మనవారు ఎందరు కూర్చున్నారన్నదే మా ప్రశ్న.

ఇక మన తప్పుల సంగతి. ఇది రాయడం కొందరికి నచ్చకపోవచ్చు. 2008లో ఆంగ్ల వికీపీడియాలోని ప్రవక్త ముహమ్మద్ (స) వ్యాసంలో ఉన్న పాతకాలపు చిత్రాలను తొలగించాలని లక్షకు పైగా సంతకాలతో వినతి వెళ్ళింది. వారు తొలగించలేదు. మా హృదయాలు నొచ్చుకున్నాయి, నేటికీ నొచ్చుకుంటున్నాయి. వినతి పంపడం మన హక్కు, అందులో ఏ తప్పూ లేదు. కాని చర్చ పుటలో ఒక్క మాటైనా రాయకుండా, వచ్చి చిత్రాలను తుడిచి పోయినవారివల్ల ఏమి సాధించాము? ఆ పుటకు తాళం పడింది. ప్రవక్త (స) జీవితంపై ప్రామాణిక గ్రంథాలు చదివి, నాలుగు మంచి వాక్యాలు చేర్చాలనుకున్న కొత్త ముస్లిం యువకుడికి కూడా తలుపు మూసుకుపోయింది. ఆ చిత్రాలు తనకు కనబడకుండా చేసుకునే వీలును పాఠకుడికి ఆ వ్యాసపు చర్చ పుటయే చెబుతున్నదని మనలో ఎందరికి తెలుసు?

చిన్న తప్పులూ ఉన్నాయి. మనం గౌరవించే వ్యక్తి పుట కనబడగానే పేరుకు ముందు నాలుగు బిరుదులు, వెనుక రెండు ప్రార్థనలు చేర్చుతాము. నచ్చని సంగతిని తీసివేస్తాము. ఎవరి పుస్తకంనుంచో రెండు పేజీలు యథాతథంగా దించుతాము. వికీ నియమాల ప్రకారం ఇవన్నీ తొలగిపోతాయి. అప్పుడు మనపై పక్షపాతమని అలుగుతాము. తటస్థ దృక్కోణమనే నియమం మనకు అనుకూలించినప్పుడు న్యాయమై, ప్రతికూలించినప్పుడు కుట్ర కాజాలదు.

రక్షణ ఎలా? ఖాతా తెరిచినవారికి వీక్షణ జాబితా అనే సౌకర్యం ఉంటుంది. తమకు తెలిసిన పుటలను అందులో చేర్చుకుంటే, వాటిలో జరిగే ప్రతి మార్పూ అక్కడ కనబడుతుంది. చెరుపు కనబడితే రద్దుచేసి, కారణాన్ని ఒక్క పంక్తిలో మర్యాదగా రాయాలి. అవతలివాడు మళ్ళీ చెరిపితే చర్చ పుటకు పిలవాలి. ఆంగ్లంలో ఒకే పుటను ఇరవైనాలుగు గంటలలో మూడు సార్లకు మించి తిప్పివేసినవాడు, ఎంత న్యాయం తనవైపు ఉన్నా, నిరోధానికి గురికావచ్చు. కోపిష్టి ఓడిపోయేది ఇక్కడే. ఆపైన నిర్వాహకులకు విన్నవించి సంరక్షణ కోరాలి. మరొక జాగ్రత్త: ఖాతాకు అసలు పేరు పెట్టుకోనక్కరలేదు. ఏఎన్ఐ వార్తాసంస్థ 2024లో వేసిన పరువునష్టం దావాలో, తన పుటను దిద్దినవారి వివరాలు బయటపెట్టాలని ఢిల్లీ హైకోర్టులో పట్టుబట్టింది. ఆ దావాపై రాసిన పుటనే తీసివేయాలని హైకోర్టు ఆదేశించగా, 2025 మేలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. ఇటువంటి కాలంలో మన ఆడపిల్లలు, విద్యార్థులు మారుపేరుతో రాయడమే మేలు.

కాని ఎంత కాపలా కాసినా, మూలం లేని వాక్యాన్ని ఎవరూ కాపాడలేరు. మా పెద్దలు చెప్పారన్నది అక్కడ చెల్లదు. అచ్చులో ఉండాలి. సయ్యద్ నశీర్ అహమ్మద్ గారు స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల పాత్రపైన, తెలుగు ముస్లిం కవులు, రచయితలపైన ఏళ్ళ తరబడి సేకరించి రాసిన గ్రంథాలలో కొన్నింటిని స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేశారు. వారి అక్షరశిల్పులు నేడు తెలుగు వికీసోర్స్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. ఒక మనిషి చేసిన ఆ పనివల్ల ఎందరో కవుల పేర్లకు మూలం దొరికింది. మా తునిలో మసీదును మొదట కట్టించినవారెవరో, తాండవ నదికి అవతల పాయకరావుపేటకూ ఇవతల మాకూ మధ్య మన కుటుంబాలు ఎప్పుడు ఏ వృత్తితో వచ్చి స్థిరపడ్డాయో వృద్ధుల నోట ఉన్నదే గాని కాగితం మీద లేదు. వక్ఫ్ గెజిట్‌లోని ఒక పంక్తి, పాత దస్తావేజులోని ఒక సంతకం, ఎనభై ఏళ్ళ నన్నీమా చెప్పే సంగతులు కలిపి ఎవరైనా వ్యాసంగా రాసి ప్రచురిస్తేనే అది రేపు మూలమవుతుంది. ఆ రాతలు ఈ పత్రికకే పంపండని కోరుతున్నాము.

మేము మొదలుపెట్టాము. తుని, పిఠాపురం, ఉమర్ అలీషా, రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ పుటలు మా జాబితాలో చేరాయి. పాయకరావుపేట పుటను ఏటి అవతలి మిత్రుడొకరు తాను చూసుకుంటానన్నారు. కాకినాడ, సామర్లకోట, అన్నవరం పుటలకు ఇంకా ఎవరూ ముందుకు రాలేదు.